ఖాళీ అవుతున్న గ్యాలరీలు: అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ అభిమానంపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ ఏటా నవంబరు మొదటి వారంలో మొదలై ఏప్రిల్ మొదటి వారంలో ముగుస్తుంది. ఆ అయిదు నెలలూ మిడ్‌వెస్ట్‌లోని మా ఊరి తెలుగు కుటుంబాల నుంచి, కొత్తగా ఎమ్మెస్‌కు వచ్చిన విద్యార్థుల నుంచి, హైదరాబాదులో తెల్లవారుజామునే లేచి ప్రసారం చూసే మిత్రుల నుంచి నాకు ఇవే సందేహాలు వస్తుంటాయి. ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. చాలా ఏళ్లు సీజన్ టికెట్ కొని, ఈమధ్యే మానేసినవాణ్ని కాబట్టి నా జవాబుల్లో కొంత మమకారం, కొంత నిష్ఠూరం ఉంటాయి. వాటిని తీసివేసి చదువుకోగలరు.

## మొదటి దశ: తగ్గింది ఎంత?

జనం నిజంగానే తగ్గారా, లేక ఇది పాతవాళ్ల గొణుగుడా?

తగ్గారు. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ; దాని పై శ్రేణి అయిన డివిజన్ 1లో పురుషుల ఆటలకు 2000ల మధ్యకాలంలో సగటున 5,000 మందికి పైగా వచ్చేవారు. 2010ల మధ్యకు ఆ సగటు 5,000 దిగువకు చేరింది. అయితే ఇందులో కొంత భాగం కేవలం అంకగణితమే. అప్పట్లో దాదాపు 330 జట్లున్న డివిజన్ 1లో ఇప్పుడు 360కి పైగా ఉన్నాయి. కొత్తగా చేరినవాటిలో చాలా వాటికి రెండు మూడు వేల సీట్ల హాళ్లే ఉన్నాయి కనుక, పెద్ద జట్ల గ్యాలరీలో ఒక్క కుర్చీ ఖాళీ కాకపోయినా మొత్తం సగటు దిగుతుంది. ఆ మేరకు తీసివేసి చూసినా, పేరున్న విశ్వవిద్యాలయాల్లో జనవరి నెల పనిదినాల ఆటలకు జనం పలచబడ్డారన్నది కళ్లకు కనిపించే సంగతి.

పన్నెండు వేల మంది వచ్చారని ప్రకటించారు, టీవీలో చూస్తే సగం కుర్చీలు ఖాళీ. ఏది నమ్మాలి?

కళ్లను నమ్మండి. ప్రకటించే హాజరు చాలాచోట్ల అమ్ముడైన లేదా పంచిన టికెట్ల లెక్క, గేటు దగ్గర స్కాన్ అయిన టికెట్ల లెక్క కాదు. సీజన్ టికెట్ కొన్న పెద్దాయన మంచు కురుస్తోందని ఇంట్లోనే ఉండిపోయినా, ఆయన కుర్చీ కాగితం మీద నిండినట్టే. అందువల్ల అభిమానం సడలడం లెక్కల్లో ఆలస్యంగా కనబడుతుంది. మొదట మనిషి రావడం మానేస్తాడు, ఒకటి రెండేళ్లకు టికెట్ కొనడం మానేస్తాడు. కాగితం మీద అంకె పడిపోయేసరికి అసలు నష్టం ఎప్పుడో జరిగి ఉంటుంది.

మార్చిలో దేశమంతా ఊగిపోతుంది కదా, మరి ఆదరణ తగ్గిందంటారేమిటి?

మార్చి టోర్నమెంటు ఆదరణ వేరు, జట్టు మీద అభిమానం వేరు. టోర్నమెంటులో 1985 నుంచి 64 జట్లు, 2011 నుంచి 68 జట్లు ఆడుతున్నాయి, ఓడితే ఇంటికే. 2018లో యూఎమ్‌బీసీ అనే చిన్న విశ్వవిద్యాలయం వర్జీనియాను, 2023లో ఫేర్లీ డికిన్సన్ పర్డ్యూను ఇంటికి పంపినప్పుడు, ఆ గెలిచిన కాలేజీ ఏ రాష్ట్రంలో ఉందో తెలియనివారు కూడా కేకలు పెట్టారు. 2025 ఫైనల్లో ఫ్లోరిడా 65-63తో హ్యూస్టన్‌ను ఓడించడాన్ని టీవీలో కోటీ ఎనభై లక్షల మంది చూశారు. ప్రసార హక్కుల కోసం సీబీఎస్, టర్నర్ సంస్థలు 2032 వరకు ఒప్పందం చేసుకున్నాయి. 2016లో పొడిగించిన 8 ఏళ్లకే 880 కోట్ల డాలర్లు. ఇంత సొమ్ము మూడు వారాల ఆట మీద కురుస్తున్నప్పుడు, మిగతా నాలుగు నెలలు ఆ మూడు వారాలకు ఎదురుచూపుగా మిగిలిపోయాయి. జాతర రోజు కిటకిటలాడే గుడిలో మామూలు రోజుల్లో దీపం పెట్టే మనిషి కరువైనట్టుంది పరిస్థితి.

## రెండో దశ: సడలడం ఎక్కడ మొదలైంది?

ఇంట్లో పెద్ద టీవీ ఉంటే గ్యాలరీకి ఎవరు వస్తారు? అసలు కారణం అదే కదా?

అదొక కారణమే, కానీ చెప్పినంత సూటిగా కాదు. క్రీడల ఛానల్ ఈఎస్‌పీఎన్ 1979 సెప్టెంబరులో మొదలైంది. ఆ తర్వాతి పదేళ్లు కాలేజీ బాస్కెట్‌బాల్‌కు స్వర్ణయుగం. టీవీలో జార్జ్‌టౌన్, సిరక్యూస్ ఆటలు చూసే కొత్త అభిమానులు పుట్టారు. దెబ్బ తగిలింది ప్రతి ఆటా ప్రసారం కావడం మొదలయ్యాక. ఊళ్లో ఆడే ఆట టీవీలో రాకపోతే గ్యాలరీకి వెళ్లక తప్పేది కాదు. ఇప్పుడు ఏ చిన్న ఆటైనా ఏదో ఒక స్ట్రీమింగ్ సేవలో దొరుకుతుంది. దానికి తోడు ఆట వేళను నిర్ణయించే అధికారం విశ్వవిద్యాలయం చేతిలోంచి ఛానల్ చేతిలోకి పోయింది. పనిదినాన రాత్రి తొమ్మిదికి మొదలై పదకొండు దాటాక ముగిసే ఆటకు, మర్నాడు బడి ఉన్న పిల్లలను ఏ తల్లిదండ్రులు తీసుకువస్తారు? అలా పిల్లలు రాని గ్యాలరీలో ఇరవై ఏళ్ల తర్వాత పెద్దలు కూడా ఉండరు.

ఒక్క ఏడాది ఆడి వెళ్లిపోవడం అంటే ఏమిటి? దానికీ అభిమానానికీ సంబంధం ఏమిటి?

ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ 2005లో చేసుకున్న ఒప్పందం ప్రకారం, 2006 డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ల ఎంపిక) నుంచి ఆటగాడికి 19 ఏళ్లు నిండాలి, హైస్కూలు ముగిసి ఒక ఏడాది గడవాలి. దాంతో నేరుగా ఎన్‌బీఏకు వెళ్లగల కుర్రాళ్లు ఒక్క సీజన్ కాలేజీలో గడిపి వెళ్లడం ఆనవాయితీ అయింది. టెక్సస్‌లో కెవిన్ డ్యురాంట్, కెంటకీలో ఆంథనీ డేవిస్, డ్యూక్‌లో జయాన్ విలియమ్‌సన్ అలా వచ్చి వెళ్లినవారే. అంతకుముందు పాట్రిక్ యూయింగ్ జార్జ్‌టౌన్‌లో, టిమ్ డంకన్ వేక్ ఫారెస్ట్‌లో నాలుగేసి ఏళ్లు ఆడారు. మొదటి ఏడు తడబడిన కుర్రవాడు నాలుగో ఏడు జట్టును నడిపిస్తుంటే చూసినవారికి అతడు ఇంటి పిల్లవాడి కింద లెక్క. న్యాయంగా చెప్పాలంటే ఒక్క ఏడాదిలో వెళ్లేవారు ఏటా కొద్దిమందే; వారి వల్ల దెబ్బతిన్నది ప్రధానంగా అగ్రశ్రేణి జట్లలోని కొనసాగింపు.

ఆట కూడా నీరసించిందని అంటారు, నిజమేనా?

ఒక దశలో నిజమే. 2012-13 సీజన్‌లో జట్టుకు సగటున ఆటకు 67.5 పాయింట్లు మాత్రమే వచ్చాయి. అది దశాబ్దాల్లో కెల్లా తక్కువ. 2015-16లో షాట్ క్లాక్‌ను, అంటే బంతి చేతికొచ్చాక షాట్ వేయాల్సిన గడువును, 35 సెకన్ల నుంచి 30కి తగ్గించాక ఆట వేగం పుంజుకుంది. ఇప్పటి ఆట చూడముచ్చటగానే ఉంది. చివరి రెండు నిమిషాలు మాత్రం టైమౌట్లు, ఫౌళ్లు, వీడియో సమీక్షలతో పావుగంట సాగడం ఇప్పటికీ ఓర్పుకు పరీక్షే.

కాన్ఫరెన్సులు మారితే అభిమానికి పోయేదేమిటి? ఎవరితో ఆడినా ఆటే కదా?

ఈ ప్రశ్న అడిగేవారు సాధారణంగా కొత్తగా వచ్చినవారు. అందులో తప్పేమీ లేదు. కాన్ఫరెన్స్ అంటే ఏటా తమలో తాము ఆడుకునే ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాల సమూహం అన్నది పాత అర్థం. కాన్సస్, మిస్సోరి జట్ల వైరం 1850లలో సరిహద్దు రక్తపాతం నాటి జ్ఞాపకాలను మోసుకొచ్చింది. 2012 ఫిబ్రవరిలో కాన్ఫరెన్స్ ప్రత్యర్థులుగా వారు ఆడిన చివరి ఆట అదనపు సమయానికి వెళ్లి, కాన్సస్ 87-86తో గెలిచింది. ఆ వేసవిలో మిస్సోరి ఎస్‌ఈసీ అనే వేరే కాన్ఫరెన్సులోకి మారడంతో సీజన్ ఆటగా అది మళ్లీ జరగడానికి 2021 దాకా పట్టింది. మేరీల్యాండ్ 2014లో ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్)ని వదిలి బిగ్ టెన్ అనే కాన్ఫరెన్సులో చేరడంతో డ్యూక్‌తో దాని ఏటేటి పోరు ఆగిపోయింది.

2024లో ఇది పరాకాష్ఠకు చేరింది. నూరేళ్లకు పైబడ్డ పశ్చిమ తీరపు కాన్ఫరెన్స్ పాక్-12 ముక్కలై, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ బిగ్ టెన్‌కు పోయాయి. పసిఫిక్ తీరంలోని స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా ‘అట్లాంటిక్ కోస్ట్’ అని పేరున్న కాన్ఫరెన్సులో చేరాయి. ఈ మార్పులన్నీ అమెరికన్ ఫుట్‌బాల్ టీవీ సొమ్ము కోసం జరిగాయి. బాస్కెట్‌బాల్ వెంట లాక్కుపోబడింది. యూసీఎల్‌ఏ అభిమాని ఒకప్పుడు కారెక్కి వెళ్లగలిగిన పరాయి ఊరి ఆటల స్థానంలో, దాదాపు 4,000 కిలోమీటర్ల దూరంలో న్యూజెర్సీలో జరిగే ఆట వచ్చింది. ఎదుటి ఊరివాడు ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చుని ఎగతాళి చేస్తేనే వైరం వైరంలా ఉంటుంది. ఎప్పుడూ చూడని ఊరి జట్టు మీద కోపం తెచ్చుకోవడం చాలా కష్టం.

నవంబరు, డిసెంబరుల్లో మాకు పేరు కూడా తెలియని జట్లతో ఎందుకు ఆడతారు?

సొంత గడ్డపై సులువైన గెలుపు కోసం. పెద్ద విశ్వవిద్యాలయం డబ్బిచ్చి చిన్న జట్టును పిలిపించుకుంటుంది, తిరిగి వాళ్ల ఊరికి వెళ్లదు. చిన్న కళాశాలకు అది ఏడాది బడ్జెట్టులో ముఖ్యమైన ఆదాయం, పెద్ద జట్టుకు ఒక గెలుపు, టికెట్లమ్ముకునే మరో రాత్రి. సీజన్ టికెట్ కొన్నవాడు మాత్రం ముప్పై నలభై పాయింట్ల తేడాతో ముగిసే అలాంటి ఆటలకు కూడా సొమ్ము కడతాడు. పెద్ద జట్లు రెండు ఎదురుపడే ఆటల్లో చాలా వాటిని ఏ లాస్ వేగస్‌లోనో, బహామస్‌లోనో పెట్టి, ఊరి అభిమానికి అరటితొక్క చేతికివ్వడం నాకు నచ్చని పద్ధతుల్లో మొదటిది.

## మూడో దశ: పోర్టల్, పారితోషికం

ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అంటే ఏమిటి? అందరూ దాన్నే ఎందుకు తిడతారు?

వేరే విశ్వవిద్యాలయానికి మారాలనుకునే ఆటగాడి పేరు నమోదయ్యే జాబితా అది; 2018 అక్టోబరులో మొదలైంది. అప్పటికి, మారిన ఆటగాడు సాధారణంగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలన్న నియమం ఉండేది. 2021లో ఒకసారి మారితే వెంటనే ఆడవచ్చన్నారు. కోర్టు జోక్యం తర్వాత 2024లో ఎన్నిసార్లు మారినా ఆడవచ్చని తేలింది. 2025 వసంతంలో పురుషుల బాస్కెట్‌బాల్ నుంచే 2,000 మందికి పైగా ఆ జాబితాలోకి వెళ్లారు. 360 పైచిలుకు జట్లలో జట్టుకు పదమూడు స్కాలర్‌షిప్పుల చొప్పున లెక్కేస్తే, అది మొత్తంలో సగానికి దగ్గరి సంఖ్య.

చదువు కోసం వచ్చిన మామూలు విద్యార్థి కాలేజీ మారితే ఎవరూ తప్పుపట్టరు. కోచ్ ఒప్పందం తెంచుకుని రాత్రికి రాత్రి మరో ఊరికి పోవడం దశాబ్దాలుగా చూస్తున్నదే. ఆటగాడికి ఆ స్వేచ్ఛ రావడం న్యాయమే అని నా అభిప్రాయం. కానీ న్యాయమైన మార్పుకూ మూల్యం ఉంటుంది. నవంబరులో గ్యాలరీకి వెళ్లి కార్యక్రమ పత్రం చూసుకుంటే తప్ప సొంత జట్టులో ఎవరెవరున్నారో తెలియని స్థితి వచ్చింది. పర్డ్యూలో జాక్ ఈడీ 2020 నుంచి 2024 వరకు నాలుగేళ్లు ఉండి చివరి ఏడు జట్టును ఫైనల్‌దాకా తీసుకువెళ్తే, దేశమంతా అతణ్ని ఒక వింతగా చెప్పుకుంది. ఒకప్పుడు అది మామూలు విషయం.

ఆటగాళ్లకు డబ్బు ఇవ్వడం వల్లే అభిమానం చచ్చిపోయిందంటారా?

అనను. సగటు హాజరు జారడం 2000ల చివర్లోనే మొదలైంది. ఆటగాళ్లు తమ పేరు, రూపం, గుర్తింపు మీద సంపాదించుకునే హక్కు, అంటే ఎన్ఐఎల్, అమల్లోకి వచ్చింది 2021 జులై 1న. తర్వాత వచ్చినది ముందు జరిగినదానికి కారణం కాలేదు. కోచ్‌లు ఏటా లక్షల డాలర్లు తీసుకుంటూ, విశ్వవిద్యాలయాలు జెర్సీలు అమ్ముకుంటూ, ఆడేవాడికి మాత్రం చదువు ఫీజు చాలునన్న వాదనను అమెరికా సుప్రీంకోర్టు కూడా మెచ్చలేదు. అదే ఏడాది జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో 9-0తో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అయితే డబ్బు, నిరంతర వలస రెండూ ఒకేసారి రావడంతో, వెళ్లిపోయిన ప్రతివాడూ డబ్బు కోసమే వెళ్లాడని అభిమాని అనుకుంటున్నాడు. ఆడే అవకాశం దొరకక వెళ్లినవారూ తక్కువ కాదు.

టికెట్ డబ్బు కట్టాను, ఇప్పుడు ఆటగాళ్ల కోసం మళ్లీ విరాళం అడుగుతున్నారు. ఇవ్వాలా?

మీ ఇష్టం, ఇవ్వకపోతే అభిమానం లోపించినట్టు కాదు. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదం పొందిన ‘హౌస్’ ఒప్పందం ప్రకారం, ఆ జులై నుంచి విశ్వవిద్యాలయాలు తమ క్రీడాకారులందరికీ కలిపి మొదటి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా చెల్లించవచ్చు. ఆ సొమ్ము ఎక్కడినుంచో రావాలి గనుక టికెట్ ధరల పైన, పార్కింగ్ పైన, దాతల పైన భారం పడుతోంది. ఒక మనిషి ఒకే ఆటకు ప్రేక్షకుడుగా, దాతగా, పన్ను కట్టే పౌరుడుగా మూడుసార్లు చెల్లిస్తున్నట్టు భావిస్తే ఆ భావనకు ఆధారం ఉంది.

ఐపీఎల్ వేలంలో ఆటగాళ్లు మారినా ఉప్పల్ స్టేడియం నిండుతుంది కదా? ఇక్కడెందుకు నిండదు?

మన తెలుగువారు తప్పక అడిగే ప్రశ్న, మంచి ప్రశ్న. ఐపీఎల్ 2008లో వేలంతోనే పుట్టింది; ఆటగాడు ఊరివాడు అన్న హామీ అక్కడ మొదటి నుంచీ పెద్దగా లేదు, కాబట్టి అది తప్పిందన్న బాధ లేదు. పైగా సన్‌రైజర్స్ హైదరాబాద్ లీగ్ దశలో సొంత గడ్డ మీద ఆడేది ఏడు ఆటలు. కాలేజీ జట్టు చలికాలంలో పదహారు పదిహేడు ఆడుతుంది. ఏడు సాయంత్రాలు నింపడం పండుగ లెక్క, పదిహేడు నింపాలంటే అలవాటు కావాలి. అయినా 2016లో కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను 2021లో పక్కన పెట్టినప్పుడు హైదరాబాదు అభిమానులు ఎంత నొచ్చుకున్నారో గుర్తు చేసుకుంటే, ఇక్కడివారి మనసు కొంత అర్థమవుతుంది.

## నాలుగో దశ: టికెట్, కుర్చీ, విద్యార్థులు

కోర్టుకు దగ్గరి కుర్చీలే ఖాళీగా ఎందుకు కనిపిస్తాయి?

అవి విరాళదారులవి. చాలా విశ్వవిద్యాలయాల్లో మంచి కుర్చీ కొనే హక్కు రావాలంటే ముందు క్రీడా నిధికి ఏటా విరాళం ఇవ్వాలి. ఆ విరాళంలో 80 శాతానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఉండేది. 2017 పన్ను చట్టం 2018 నుంచి దాన్ని తీసేసింది. దాంతో ఏళ్ల తరబడి కట్టినవారికి అదే కుర్చీ ఖరీదు పెరిగినట్టయింది. ఇక కట్టగలిగినవారిలో వ్యాపార సంస్థలు, వయసు మళ్లిన పూర్వ విద్యార్థులు ఎక్కువ. వారు పెద్ద ఆటలకు వస్తారు, చిన్నవాటికి రారు. కెమెరా తిరిగేది ఆ వరుసల మీదే.

నార్త్ కరొలినాలో 1986లో విరాళాలతో కట్టిన డీన్ స్మిత్ సెంటర్‌లో 21,000కు పైగా సీట్లున్నాయి. దగ్గరి సీట్లు దాతల పాలయ్యాయి. 1991లో అక్కడ ఆడి గెలిచిన ఫ్లోరిడా స్టేట్ ఆటగాడు శామ్ కాసెల్, వీళ్లు వైన్ తాగుతూ చీజ్ తినే రకం జనమని వెక్కిరించాడు. ఆ మాట ఆ ఊరిని ఇప్పటికీ వదల్లేదు.

విద్యార్థులకు టికెట్ ఉచితం, లేదా చవక. అయినా ఎందుకు రారు?

ఉచితం కనుకనే వాయిదా వేయడం సులువు. తొలి పది నిమిషాలు ఫోనులో చూసి, ఆట బాగుంటే బయలుదేరదామనుకునేసరికి సగం ముగుస్తుంది. కుర్చీ ఎక్కడ ఇస్తారన్నది కూడా ముఖ్యమే. డ్యూక్‌లో 1940 నాటి కామెరాన్ హాలు 9,314 మందికి సరిపోయేది మాత్రమే. కానీ విద్యార్థులు కోర్టు అంచున నిలబడతారు, నార్త్ కరొలినాతో ఆట కోసం కె-విల్ అనే గుడారాల వీధిలో వారాల తరబడి చలిలో పడుకుంటారు. అరిజోనా స్టేట్ విద్యార్థులు 2013లో బుట్ట వెనుక ఒక తెర పెట్టి, ఎదుటి ఆటగాడు ఫ్రీ త్రో వేసే క్షణంలో దాన్ని తెరిచి పిచ్చి వేషాలు చూపించడం మొదలుపెట్టారు. ఆటలో తమకూ ఒక పాత్ర ఉందని తోస్తే విద్యార్థి వస్తాడు. పై అంతస్తులో మూల కుర్చీ ఇచ్చి, వచ్చినందుకు ఫోనులో పాయింట్లు వేస్తే రాడు.

మా అమ్మాయి ఎమ్మెస్ విద్యార్థి. ఆమెకు కూడా విద్యార్థి టికెట్ వస్తుందా?

చాలాచోట్ల వస్తుంది, మన పిల్లలు అది బీటెక్ చదివే అమెరికన్ పిల్లలకే అనుకుని అడగరు. డ్యూక్‌లో అయితే పీజీ విద్యార్థులకు ప్రత్యేకంగా సెప్టెంబరులో ఒక వారాంతపు శిబిరం జరుగుతుంది. రాత్రంతా పిలిచినప్పుడల్లా హాజరు వేయించుకున్నవారికి లాటరీలో సీజన్ టికెట్ దక్కుతుంది.

## అయిదో దశ: ఇంకా నిండుతున్న చోట్లు

అంతటా తగ్గితే కాన్సస్, కెంటకీల్లో ఎందుకు నిండుతుంది?

ఆ ఊళ్లలో అది వినోదం కంటే ఊరి గుర్తింపు కనుక. కాన్సస్ జట్టు ఊరైన లారెన్స్‌లోని 1955 నాటి ఆలెన్ ఫీల్డ్‌హౌస్‌లో ఇరవై ఏళ్లకు పైగా టికెట్లు మిగలడం లేదు. కెంటకీలో 2024 ఏప్రిల్‌లో జాన్ కాలిపారి ఆర్కన్సాకు వెళ్లిపోయి మార్క్ పోప్ వచ్చినప్పుడు, కొత్త కోచ్ పరిచయ కార్యక్రమానికే రప్ అరీనా నిండిపోయింది. అప్పటికి జట్టులో ఆటగాళ్లు దాదాపు లేరు! పోప్ 1996లో ఆ విశ్వవిద్యాలయానికే కప్పు గెలిచిన జట్టు సభ్యుడు. ఆటగాళ్లు నిలవని కాలంలో జనం తమవాడని చెప్పుకోగలిగిన ఒక మనిషిని పట్టుకున్నారు.

పేరున్న జట్లే కానక్కరలేదు. ఒహాయోలోని డేటన్‌లో పెద్ద ప్రొఫెషనల్ జట్టు లేదు. 13,000 పైచిలుకు సీట్ల హాలులో, జట్టు గొప్పగా ఆడని ఏళ్లలో కూడా జనం ఉంటారు. శీతాకాలం సాయంత్రం ఆ ఊళ్లో నలుగురూ కలుసుకునే చోటు అదే.

చిన్న కాలేజీల అభిమానుల సంగతేమిటి?

అందరికంటే ఎక్కువ నష్టపోయింది వారే. ఫ్లోరిడా అట్లాంటిక్ 2023లో అనూహ్యంగా ఫైనల్ ఫోర్‌కు, అంటే మార్చి టోర్నమెంటు చివరి నాలుగు జట్లలోకి, చేరింది. మరుసటి ఏడాది వసంతంలో కోచ్ డస్టీ మే మిషిగన్‌కు పోయాడు, పొడగరి వ్లాదిస్లావ్ గోల్డిన్ ఆయన వెంట వెళ్లాడు, జానెల్ డేవిస్ ఆర్కన్సాకు మారాడు. 2025లో ఫ్లోరిడా కప్పు గెలిచినప్పుడు ఫైనల్ ఫోర్‌లో ఉత్తమ ఆటగాడైన వాల్టర్ క్లేటన్ మొదట ఆడింది న్యూయార్క్ రాష్ట్రంలోని ఐయోనా కోసం. చిన్న జట్టు అభిమాని మొక్క నాటి నీళ్లు పోస్తాడు, కాయ పక్కింట్లో కాస్తుంది.

మహిళల ఆటకు జనం పెరుగుతున్నారట, ఎందుకు?

మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు అమెరికా క్రీడాకారిణికి 22 ఏళ్లు నిండాలి, లేదా నాలుగేళ్ల కాలేజీ కాలం పూర్తికావాలి. కాబట్టి గొప్ప క్రీడాకారిణిని జనం నాలుగేళ్లు చూడగలుగుతారు. అయోవాలో కెయిట్లిన్ క్లార్క్ 2020 నుంచి 2024 వరకు ఆడింది. 2023 అక్టోబరులో ఫుట్‌బాల్ స్టేడియంలో జరిగిన ప్రదర్శన ఆటకు 55,646 మంది వచ్చారు. 2024లో మహిళల ఫైనల్‌ను టీవీలో చూసినవారు పురుషుల ఫైనల్‌ను చూసినవారికంటే ఎక్కువ. ఆమె వెళ్లిన తర్వాతి ఏడూ అయోవాలో సీజన్ టికెట్లు అమ్ముడైపోయాయి. సౌత్ కరొలినాలో కోచ్ డాన్ స్టేలీ జట్టు 2010ల మధ్య నుంచే హాజరులో దేశంలో ముందుంది. మహిళల ఆటలోనూ పోర్టల్ ఉంది, అక్కడా ఆటగాళ్లు మారుతున్నారు. అయినా టికెట్ చవక, కుర్చీ దగ్గర, ఆట అయ్యాక పిల్లలు క్రీడాకారిణులను పలకరించే వీలు చాలాచోట్ల ఇంకా మిగిలి ఉంది.

ఒక్క ఆటకే వెళ్లగలను. దేనికి వెళ్లమంటారు?

ఫిబ్రవరిలో శనివారం మధ్యాహ్నం, పొరుగు రాష్ట్రపు జట్టుతో ఉన్న ఆట చూసుకోండి. ప్రకటించిన ధర చూసి వెనకాడకండి. ఆట రోజున తిరిగి అమ్మేవారి దగ్గర టికెట్లు తరచుగా సగం ధరకు దొరుకుతాయి. అరగంట ముందు వెళ్లి విద్యార్థుల వరుసలకు ఎదురుగా కూర్చోండి. వీలైతే తమ సొంత జట్టులో నాలుగో ఏడు ఆడుతున్న కుర్రవాడు ఎవరైనా ఉన్నాడేమో పక్కవారిని అడగండి. ఉంటే వారు రెండో సగం మొదలయ్యేదాకా అతని గురించే చెబుతారు.